రాజోలు దగ్గర మూడు సెంట్ల పెరడు: కాలువ నీళ్ళు ఆగేలోపు ఏం వేసుకోవచ్చు?

కొత్తిల్లు_రాజోలు · ఫిబ్రవరి 2

అందరికీ నమస్కారమండి. సంక్రాంతికి ముందు కొత్తింట్లోకి వచ్చాం. ఇంటి వెనకాల మూడు సెంట్ల ఖాళీ ఉంది. పడమటి వైపు రెండు కొబ్బరి చెట్లు, మిగతాదంతా మంచి ఎండ. ఊళ్ళో అందరిలాగే స్థలం మెరక చేయించాం కాబట్టి పైన రెండడుగుల మేర బుసక (ఇసుకమట్టి), దాని కింద నల్లమట్టి. బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. గోడ అవతలే పిల్లకాలువ, ఇప్పుడు నిండుగా పారుతోంది.

రోజూ కూరకి ఏదో ఒకటి పెరట్లో కోసుకోవాలని, దేవుడికి పూలు బయట కొనకూడదని నా కోరిక. మా అత్తగారికి మల్లెపూలు ఉండి తీరాలి. పిల్లలు టమాటా అంటున్నారు. విత్తనాలు, మొక్కలు కొనేముందు మీ అందరినీ ఒకసారి అడుగుదామని రాస్తున్నాను. ఏది ఇప్పుడు వేయాలి, ఏది ఆపాలి?

గౌతమి_గట్టు · ఫిబ్రవరి 2

అమ్మా, విత్తనం సంగతి తర్వాత. ముందు నీళ్ళ లెక్క చూసుకోండి. మన డెల్టాలో పెరటికి కూడా క్యాలెండరు కాలువే. దాళ్వా వరి (రెండో పంట) పండాక, సాధారణంగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలేది జూన్‌లో. ఆ మధ్యకాలంలో నూతుల్లో నీళ్ళు దిగిపోతాయి, మీ బోరు ఇప్పటికంటే ఉప్పెక్కుతుంది. అంటే తీపినీళ్ళు మీ చేతిలో ఉన్నది ఇంకో రెండు నెలల పైచిలుకు మాత్రమే.

ఉగాది వెళ్ళాక తీరిగ్గా విత్తుదాం అనుకునేవాళ్ళే ఎక్కువ. అలా విత్తిన బీరపాదు లేత వేరుతో రోహిణి కార్తె ఎండల్లో పడుతుంది, అదీ ఉప్పునీటి మీద. ఈ వారంలో విత్తినదైతే కాలువ కట్టే నాటికి పందిరెక్కి కాపులో ఉంటుంది, వేరు కూడా కింద మీ నల్లమట్టి దాకా దిగి ఉంటుంది. నల్లమట్టి తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి మీ స్థలం చెడ్డదేమీ కాదు. పైన బుసకలో వేరు సులువుగా పాకుతుంది, కింద నల్లమట్టి నీళ్ళు దాస్తుంది. బుసకలో బలం తక్కువ, అంతే. దానికి బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) కలపాలి. పచ్చి పేడ మాత్రం వేయకండి, వేళ్ళు మాడతాయి, చెదలు పడతాయి.

లంక_కూరగాయలు · ఫిబ్రవరి 2

గౌతమి గారు చెప్పిందే మా లంకల్లో కూడా నడిచే పద్ధతి. మాకు కాలువ లేదు, కానీ గోదారి ఉంది. జూలై, ఆగస్టుల్లో వరదొస్తే చేను మునుగుతుంది. 2022లో జూలై నెలలోనే వచ్చింది. అందుకని నీరు తీసి నేల ఆరాక మొదలుపెట్టి, వేసవి పంట వరదకి ముందే దించేసుకునేలా చూసుకుంటాం. ఇంటి పెరడుకీ అదే ఆలోచన పెట్టుకోండి. విత్తే తేదీ కన్నా ముందు పంట ఎప్పుడు అయిపోవాలో అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి.

బెండ 45-50 రోజులకి మొదటి కోత. తోటకూర 25-30 రోజులు. బీర, ఆనప రెండు నెలలు అనుకోండి. మీ చేతిలో ఉన్న నీళ్ళకి ఇవన్నీ సరిపోతాయి.

ఒక జాగ్రత్త. బుసక నేలలో వేరుకాయల నులిపురుగు ఎక్కువ. మొక్క పీకి చూస్తే వేళ్ళ మీద బుడిపెలు ఉంటాయి, అదే ఇది. మొదట్లోనే మడికి వేపపిండి కలిపేయండి, మడి గట్ల మీద బంతి వేయండి. బంతి వేళ్ళు దాన్ని అదుపులో ఉంచుతాయి. పూలూ వస్తాయి.

వశిష్ఠ_పెరడు · ఫిబ్రవరి 3

చెల్లీ, మాది నరసాపురం వైపు. పాదుల సంగతి నేను చెప్తాను, నాకు ప్రాణం అవంటే.

మూడు సెంట్లున్నాయని అన్ని పాదులూ పెట్టకు. ఒక ఆనప, రెండు బీర, రెండు కాకర, ఒక పొట్ల. నలుగురున్న ఇంటికి ఇది చాలా ఎక్కువే, పక్కింటికి కూడా పంచుతావు. పందిరి ఉత్తరం వైపు వేసుకో. దక్షిణం వైపు వేస్తే దాని నీడంతా మడుల మీద పడుతుంది. వెదురు గానీ సరివి (సరుగుడు) గుంజలు గానీ తీసుకో, ఆరడుగుల ఎత్తు పెట్టు. కింద నువ్వు నిలబడి కాయ కోసుకోవాలి కదా.

పాదు ఎలా తీయాలంటే, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తవ్వు. తీసిన బుసకలో సగం పక్కకి పోసి, దాని బదులు నల్లమట్టి, గత్తం చెరిసగం కలుపు, రెండు గుప్పిళ్ళ వేపపిండి వెయ్యి. గొయ్యి నిండా నింపి నీళ్ళు పోసి నాలుగైదు రోజులు వదిలేయ్, మట్టి కిందికి దిగుతుంది. అప్పుడు విత్తు. కాకర గింజ తోలు గట్టిది, ఒక రాత్రీ పగలూ నీళ్ళలో నానబెట్టి తడిగుడ్డలో మూటకట్టు. ముక్కు పగిలాక పెడితే ఒక్కటీ పోదు. పాదుకి నాలుగు గింజలు వేసి, మొలిచాక బలంగా ఉన్నవి రెండు ఉంచి మిగతావి కత్తిరించెయ్. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

మొదట్లో మగపూలే పూస్తాయి, కంగారుపడకు. తర్వాత వచ్చే పూలలో కింద చిన్న పిందె కనిపిస్తే అది ఆడపువ్వు. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర తెల్లవారుజామున. పిందె వేలెడైనా కాకుండా పసుపెక్కి రాలిపోతుంటే పుప్పొడి అందడం లేదని అర్థం. సాయంత్రం దీపం పెట్టే వేళకి పందిరి దగ్గరికెళ్ళి, అప్పుడే విచ్చిన మగపువ్వు ఒకటి కోసి, రేకులు వెనక్కి ఒలిచి, మధ్యలో పొడి ఉన్న కాడని ఆడపువ్వు నడుమ ఉన్న తడి తడి భాగానికి మెల్లగా రాయి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి సరిపోతుంది. అంటిన పిందె రెండు మూడు రోజుల్లో మెడ ముదిరి కిందికి వేలాడుతుంది, చూడగానే తెలిసిపోతుంది.

భీమవరం_డాబా · ఫిబ్రవరి 3

ఉప్పునీటి గురించి రాస్తాను. మా చుట్టూ రొయ్యల చెరువులే, నా తోట మొత్తం డాబా మీదే.

1. బోరు నీళ్ళు రోజూ కొంచెం కొంచెం చిలకరించకండి. పైపైన తడిపితే నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు పైన మిగులుతుంది. మట్టి మీద తెల్లటి పొర కడితే అదే. రోజు విడిచి రోజు, వేరు కింది దాకా దిగేలా పోయండి. ఆకుల మీద అసలు పోయొద్దు, అంచులు మాడతాయి.

2. వాటర్ ప్లాంటు మెషీన్ నుంచి బయటికి వదిలే వృథా నీళ్ళు మొక్కలకి పోయకండి. చాలామంది వృథా ఎందుకని పోస్తారు. బోరు నీళ్ళలో ఉన్న ఉప్పంతా చిక్కబడి అందులోనే ఉంటుంది. ఏసీ నుంచి వచ్చే నీళ్ళు మాత్రం బంగారం, వాటిలో ఉప్పు ఉండదు. బకెట్ పెట్టి పట్టండి, నారు మొక్కలకి వాడండి.

3. కోనసీమలో కొబ్బరిపీచు పొట్టు చవగ్గా దొరుకుతుంది. నేరుగా కలపొద్దు. దానిలోనూ ఉప్పుంటుంది. మంచినీళ్ళలో నానబెట్టి పిండి పారబోయడం రెండు మూడుసార్లు చేశాకే వాడండి.

4. చెరువు పూడికమట్టి తోలిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రొయ్యల చెరువు మట్టి పెరట్లోకి వస్తే ఏళ్ళ తరబడి తలనొప్పి.

పాలకూర, తోటకూర, బచ్చలి కొంత ఉప్పుకి తట్టుకుంటాయి. చిక్కుడు జాతి తట్టుకోదు. బీన్స్ జోలికి వెళ్ళకండి.

కొత్తిల్లు_రాజోలు · ఫిబ్రవరి 3

ఇంత వివరంగా చెప్తారనుకోలేదండి, చాలా థ్యాంక్స్. వశిష్ఠ అక్కా, పూల దగ్గర నిలబడి చేసే పని మా అత్తగారికి చదివి వినిపించాను, ఆవిడే చేస్తానన్నారు.

టమాటా ఇప్పుడు వేయొచ్చా? కొబ్బరి చెట్ల కింద ఏమైనా పెరుగుతాయా? ఆ చెట్ల కింద నేలంతా, పక్కనున్న జామ ఆకులు కూడా మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. అది తెగులేనా?

గౌతమి_గట్టు · ఫిబ్రవరి 4

టమాటా వద్దమ్మా. పగలు 35 డిగ్రీలు దాటాక పువ్వు నిలవదు, రాలిపోతుంది. ఇప్పుడు నారు పెడితే పూతకొచ్చేసరికి మార్చి ఆఖరు. అక్టోబరులో నాటండి, శీతాకాలమంతా కాస్తుంది. పిల్లల కోసం వంగ, మిరప పెట్టండి. నారు తెచ్చి ఇప్పుడు నాటితే రెండూ ఎండని ఓర్చుకుంటాయి. వంగలో కొమ్మ చివర్లు వాలితే లోపల పురుగు ఉందని గుర్తు. వాలిన దానికి ఒక అంగుళం కిందికి తుంచి నీళ్ళ బకెట్లో వేయాలి. రోజూ చూసుకునే పెరట్లో ఈ ఒక్క పని చేస్తే చాలావరకు మందు అవసరం రాదు.

భీమవరం_డాబా · ఫిబ్రవరి 4

గౌతమి గారితో ఇక్కడ నాది వేరే అభిప్రాయం. మామూలు టమాటాకి ఆయన చెప్పింది నిజమే. చిన్న చెర్రీ రకాలు ఎండలో కూడా కొంత కాస్తాయి. మధ్యాహ్నం తర్వాత కొబ్బరి నీడ పడే చోట మూడు నాలుగు మొక్కలు పెట్టి, ఏప్రిల్‌లో పైన ఆకుపచ్చ నెట్ కట్టండి. కూరకి సరిపడా రావు, పిల్లలు కోసుకు తినడానికి వస్తాయి. పిల్లలకి పెరడంటే ఇష్టం కలగాలంటే వాళ్ళకంటూ ఒక మొక్క ఉండాలండి.

గౌతమి_గట్టు · ఫిబ్రవరి 4

పిల్లల కోసమైతే నాకూ అభ్యంతరం లేదు. నాలుగు మొక్కలు మించొద్దు.

మసి గురించి. పైన కొబ్బరి ఆకు అడుగున తెల్లటి దూదిలాంటి మెత్తటి పొర, చుట్టలు చుట్టినట్టు గుడ్లు కనిపిస్తే అది సర్పలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో మొదట బయటపడింది, ఆ తర్వాత మన కొబ్బరికీ చేరింది. అది కార్చే తీపి జిగురు కింద పడి, దాని మీద నల్లబూజు పెరుగుతుంది. మీరు చూస్తున్న మసి అదే. జామ, అరటి ఆకుల మీద కూడా ఈ దోమ చేరుతుంది.

ఘాటు పురుగుమందులు కొట్టించకండి. దీన్ని తినే పరాన్నజీవి పురుగులు మన తోటల్లోనే ఉన్నాయి, మందు కొడితే ముందు అవే చస్తాయి. కింది మొక్కల ఆకులు ఒత్తిడిగా నీళ్ళు కొట్టి కడగండి. లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు కలిపి ఆకు అడుగున తడిసేలా సాయంత్రం పూట కొట్టండి. మీకు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దగ్గరే. కొబ్బరి మీద పనిచేసేది అదే కాబట్టి రెండు ఆకు ముక్కలు కవర్లో పెట్టుకుని వెళ్ళి చూపించండి.

లంక_కూరగాయలు · ఫిబ్రవరి 4

కొబ్బరి నీడ ఖాళీగా వదలొద్దండి. కంద, పసుపు, అల్లం అక్కడికే. మే ఆఖర్లో దుంప పెట్టి తొలకరికి వదిలేయాలి. ఇప్పుడు గుంటలు తీసి గత్తం నింపి ఉంచండి చాలు. బట్టలుతికే చోటు నుంచి నీళ్ళు వెళ్ళే దారిలో చేమ, అరటి, పక్కన తీగబచ్చలి. ఆ నీళ్ళు వృథా పోవు. కంద, బచ్చలి రెండూ మీ పెరట్లోనే ఉంటే కార్తీకంలో కూరకి ఎవర్నీ అడగక్కర్లేదు.

పాలకొల్లు_మల్లె · ఫిబ్రవరి 5

అత్తగారి మల్లెల గురించి ఎవరూ రాయలేదేంటండి!

మల్లె నాటడానికి అసలు కాలం వర్షాలు పడ్డాక. కానీ కాలువ నీళ్ళున్నాయి కాబట్టి వేరు పట్టిన మొక్క తెచ్చి ఇప్పుడే పెట్టేయండి, ఎండ బాగా తగిలే చోట. నీడలో మల్లె ఆకు పెడుతుంది తప్ప పువ్వివ్వదు. ఈ ఏడాది నాలుగు పూలు పూసినా గొప్పే. వచ్చే ఏడాదికి పని ఉంటుంది. డిసెంబరు వచ్చాక నీళ్ళు ఆపేయాలి. ఆకు వాడి రాలే దాకా ఆపి, జనవరి లోపు కొమ్మలన్నీ మోకాలెత్తుకి కత్తిరించి, పాత ఆకు దూసేసి, మొదలు చుట్టూ గొప్పు తవ్వి గత్తం వేసి అప్పుడు నిండుగా నీళ్ళు పెట్టాలి. కొత్త చిగురుతో పాటే మొగ్గ వస్తుంది. నీళ్ళు ఆపడానికి మనసు రాక ఏడాది పొడుగునా పోసేవాళ్ళ పొదలు పచ్చగా గుబురుగా ఉంటాయి, పువ్వు మాత్రం పల్చగా ఉంటుంది. మొగ్గలు ఊదారంగుకి తిరిగి వాటికి బెజ్జం కనిపిస్తే మొగ్గ తొలిచే పురుగు. అలాంటివి ఏరి పారేయాలి, చెట్టు కింద వదలకూడదు.

రోజూ దేవుడికి కావాలంటే నందివర్ధనం, గన్నేరు, మందార గోడవారగా పెట్టేయండి. ఇవి ఒకసారి నిలదొక్కుకుంటే ఏడాదంతా పూస్తాయి, పెద్దగా అడగవు. మందారకి పిండినల్లి పడుతుంది, చూసిన రోజే ఆ కొమ్మ కత్తిరించెయ్యాలి. కనకాంబరం కొబ్బరి చెట్ల పక్కన సగం నీడలో పెట్టండి, దానికి అదే ఇష్టం.

బంతి నారు ఇప్పుడు పోస్తే సుమారు మూడు వారాలకి నాటొచ్చు. నాటిన నెలకి తల తుంచండి. చూడ్డానికి బాధగా ఉంటుంది గానీ పక్క కొమ్మలు విరగబూస్తాయి. చేమంతి ఇప్పుడు కొనకండి. అది పగలు తగ్గే కాలంలో పూస్తుంది. ఈ నెలలో కుండీల్లో పువ్వుతో అమ్మేది చివరి పూత. ఎవరింట్లోనైనా పూత అయిపోయిన మొక్క ఉంటే పిలకలు అడిగి తెచ్చుకోండి, వేసవంతా నీడలో కాపాడి వానల్లో నాటుకోవచ్చు.

కడియం_దారి · ఫిబ్రవరి 5

నేను కడియపులంకలో నర్సరీలో పనిచేస్తానండి. మొక్క కొనేటప్పుడు చూసుకోవలసినవి చెప్తాను, మీకు పనికొస్తుంది.

పువ్వు చూసి కొనొద్దు. కవరు కిందనుంచి లావాటి వేళ్ళు బయటికొచ్చి నేలలోకి దిగి ఉంటే ఆ మొక్క అక్కడ చాలా కాలంగా ఉన్నట్టు. లాగేటప్పుడు వేరు తెగుతుంది, ఇంటికెళ్ళాక వాడిపోతుంది. ఆకు అడుగు తిప్పి చూడండి. కవర్లో మట్టి గడ్డలా గట్టిగా ఉంటే పర్వాలేదు, కానీ అలాంటి దాన్ని అలాగే పాతిపెట్టకండి. మీ బుసకలో నీళ్ళన్నీ పక్కనుంచి జారిపోతాయి, నల్లమట్టి గడ్డ లోపల పొడిగానే ఉండిపోతుంది. బకెట్ నీళ్ళలో కవరుతో సహా ముంచి బుడగలు ఆగేదాకా ఉంచి, అప్పుడు కవరు కోసి, అంచుల్లో వేళ్ళు కొద్దిగా విడదీసి నాటండి.

తెచ్చిన రోజే నాటొద్దు. మూడు నాలుగు రోజులు మీ కొబ్బరి నీడలో ఉంచి అలవాటు చేసి, సాయంత్రం పూట నాటండి. పొద్దున్నే బయల్దేరి రండి. మధ్యాహ్నం ఎండలో ఆటో మీద వేసుకెళ్తే దారిలోనే సగం ప్రాణం పోతుంది.

కరివేపాకు, మునగ కూడా తీసుకోండి. మునగకి నీరు నిలవని చోటు చూడండి.

కొత్తిల్లు_రాజోలు · ఫిబ్రవరి 7

మీరందరూ చెప్పినదాన్ని బట్టి నిన్న కాగితం మీద గీశాను. ఉత్తరం గోడ వెంట పందిరి. మధ్యలో నాలుగు మడులు, ఒక్కోటి మూడడుగుల వెడల్పు, మధ్యలో నడవడానికి దారి. ఒక మడిలో బెండ, ఒకదాంట్లో వంగ, మిరప, రెండింట్లో ఆకుకూరలు. గట్ల మీద బంతి. తూర్పున మల్లె, గోడవారగా నందివర్ధనం, మందార. పడమట కొబ్బరి దగ్గర కనకాంబరం, చెర్రీ టమాటాలు నాలుగు, కంద గుంటలు.

సరిగ్గా ఉందా? ఆకుకూరలు ఒకేసారి విత్తేయాలా?

వశిష్ఠ_పెరడు · ఫిబ్రవరి 7

చాలా బాగుంది చెల్లీ. మూడడుగుల మడి మంచి కొలత, రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది, లోపల కాలు పెట్టి తొక్కక్కర్లేదు.

ఆకుకూర ఒకేసారి విత్తకు. మడిని నాలుగు ముక్కలు చేసి వారానికొక ముక్క చల్లు. మొదటిది కోసేసరికి నాలుగోది మొలకెత్తుతుంది. తోటకూర గింజ మరీ సన్నం, పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడదు. పైన పల్చగా మట్టి రాల్చి, ఎండుగడ్డి కప్పి, మొలక కనపడగానే గడ్డి తీసెయ్. కొత్తిమీర వేయాలంటే ఈ వారమే, ధనియాలు చేత్తో రుద్ది రెండు బద్దలు చేసి వెయ్యి. మార్చిలో వేస్తే ఆకు రాకముందే పువ్వుకొస్తుంది. గోంగూరకి ఎండ బెంగ లేదు.

లంక_కూరగాయలు · ఫిబ్రవరి 7

బెండ అడుగున్నర దూరంలో వరుసలు, వరుసలో మొక్కకీ మొక్కకీ అడుగు. అర్కా అనామిక దొరికితే తీసుకోండి, పల్లాకు తెగులుకి కొంత తట్టుకుంటుంది. తెగులు రానే రాదని కాదు. ఆకు ఈనెలు పసుపుపచ్చగా వల అల్లినట్టు కనిపించిన మొక్క ఎంత కాపు మీదున్నా పీకెయ్యండి. తెల్లదోమ దాని మీద వాలి పక్కదాని మీదికెళ్తే మడి మొత్తానికి అంటుతుంది. కాయలు రోజు విడిచి రోజు కోయాలి.

పందిరికి పండుఈగ వస్తుంది, మార్చి నుంచే. పిందె మీద చిన్న జిగురు చుక్క, కాయ అక్కడ వంకర తిరుగుతుంది. అలాంటి కాయల్ని ఎరువు గుంటలో వేయకండి, లోపల పురుగు అక్కడే పెరిగి మళ్ళీ వస్తుంది. పాలిథిన్ సంచిలో వేసి మూతికట్టి ఎండలో పడేయండి. పాదు తీగలు పూతకి రాగానే క్యూ లూర్ బుట్ట (ఈ ఈగల్ని ఆకర్షించి పట్టేది) ఒకటి వేలాడదీయండి. మామిడికి పెట్టే మిథైల్ యూజినాల్ బిళ్ళ దీనికి పనిచేయదు, షాపులో అడిగి తీసుకోండి.

గౌతమి_గట్టు · ఫిబ్రవరి 8

కాగితం బాగుందమ్మా. ఒకటే చేర్చండి. మార్చి నెల పూర్తయ్యేలోగా మడులన్నిటికీ, పాదులకీ మూడంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండిన కొబ్బరాకులు నరికి గానీ పరిచేయండి, మొదలుకి మాత్రం తగలకుండా. నేల తేమ నిలుస్తుంది, కింది ఉప్పు పైకి రావడం తగ్గుతుంది. ఆ రెండు నెలలు బోరు నీటితో గట్టెక్కడానికి ఇంతకంటే చవకైన పని లేదు. వీలుంటే కాలువ కట్టే ముందు ఒక పెద్ద డ్రమ్ము కాలువ నీళ్ళు పట్టి మూతపెట్టి ఉంచండి, నారుకీ పిల్లల టమాటాలకీ పనికొస్తాయి.

కొత్తిల్లు_రాజోలు · ఫిబ్రవరి 8

ఆయ్, తప్పకుండా. ఈరోజు ఆరు పాదులూ తవ్వించి నింపించాం. కాకర గింజలు బుధవారం రాత్రి నానబెడతాను. పాదుకి రోజుకి ఎన్ని నీళ్ళు పోయాలి?

వశిష్ఠ_పెరడు · ఫిబ్రవరి 8

మొలిచేదాకా చెంబెడు, రోజూ సాయంత్రం, గింజ కదలకుండా. నాలుగాకులు వచ్చాక ఒక బిందె, రోజు విడిచి రోజు. తీగ పందిరెక్కాక రెండు బిందెలు. ఆకు మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే నీళ్ళు సరిపోతున్నట్టే. పొద్దున్నే వాలి ఉంటే ఇంకా పోయాలి.